జింప్‌లో ఆయిలిఫై వేస్తే ముఖం ముద్దవుతోంది, ఏ నంబరు పెట్టాలి?

గుణుపురం నుంచి ఒకాయన అడిగిన ప్రశ్న ఇది. వాళ్ల నాన్నగారిది ఒక్కటే ఫొటో మిగిలింది, నలుపు తెలుపు పాస్‌పోర్టు సైజు. అన్నయ్య దాన్ని ఫోన్‌తో తీసి వాట్సాప్‌లో పంపారు. సంవత్సరీకానికి ఆయిల్ పెయింటింగ్‌లా చేసి ఫ్రేము కట్టించాలని వాళ్ల కోరిక. ఫొటోలు దిద్దే సాఫ్ట్‌వేర్ జింప్ 2.10లో, ఫొటోని ఆయిల్ పెయింటింగ్‌లా మార్చే ఆయిలిఫై ఫిల్టర్ వేస్తే నల్లకోటు, వెనక తెర బాగానే వస్తున్నాయి గానీ ముఖం ముద్దలా అయిపోతోందట. ఏ నంబరు పెట్టాలి, వేరే ఫిల్టర్ ఏదైనా మంచిదా అని అడిగారు.

ముందు సూటిగా జవాబు చెప్తాను. మొత్తం ఫొటోకి సరిపోయే ఒక నంబరు లేదండి. వెనక తెరకి ఒకటి, బట్టలకి ఒకటి, ముఖానికి ఒకటి, మూడు లేయర్లలో, అంటే ఒకదాని మీద ఒకటి పేర్చిన పొరల్లో, విడివిడిగా వేయాలి. కళ్లకి మాత్రం వేయకూడదు. ఆయిలిఫై మంచి ఫిల్టరే, మార్చనక్కర్లేదు. అయితే ఆ వాట్సాప్ కాపీ పక్కన పెట్టేసి, అసలు ఫొటోని స్కాన్ చేయించి దాని మీద పని మొదలుపెట్టండి. సగం ఇబ్బంది అక్కడే తీరిపోతుంది.

నేను పర్లాకిమిడిలో ఇరవై రెండేళ్లుగా స్టూడియో నడుపుతున్నాను. ఇటు కాశీనగర్, గుమ్మా నుంచి, అటు పాతపట్నం, మెళియాపుట్టి నుంచి దినవారాలకి, సంవత్సరీకాలకి పెద్ద ఫొటోలు చేయించుకోవడానికి మా దగ్గరకి వస్తారు. పెళ్లి ఫొటోల కన్నా ఈ పని మీదే నాకు ప్రాణం. పెళ్లి ఆల్బమ్‌లో ఒక ఫొటో చెడితే ఇంకో వంద ఉంటాయి. మీరు అడిగిన ఫొటో లాంటిదానికి రెండోది ఉండదు.

ఆయిలిఫై లోపల ఏం చేస్తుందో తెలిస్తే నంబర్లు మీకే తోస్తాయి. ఫొటోలో ఉండే ప్రతి చిన్న రంగుచుక్క, అంటే పిక్సెల్, చుట్టూ అది ఒక చిన్న వలయం గీసుకుంటుంది. వలయం ఎంత పెద్దదో చెప్పేదే మాస్క్ రేడియస్. ఆ వలయంలో ఉన్న పిక్సెళ్లని వెలుగుని బట్టి గుంపులు చేస్తుంది. ఏ గుంపులో ఎక్కువ మంది ఉంటే దాని రంగే అక్కడ పూస్తుంది. అచ్చం ఓట్ల లెక్కింపే. రేడియస్ 4 పెడితే వలయంలో దాదాపు 50 పిక్సెళ్లు ఉంటాయి. 8 పెడితే దాదాపు 200. నంబరు రెండింతలు చేస్తే ఓటర్లు నాలుగింతలు అవుతారన్నమాట. అందుకే 4 నుంచి 8కి జరిపేసరికి బొమ్మ ఒక్కసారిగా మారిపోయినట్టు కనిపిస్తుంది.

ఇప్పుడు మీ నాన్నగారి ఫొటోని 800 శాతం జూమ్ చేసి కంటి దగ్గర ఆగండి. నల్లగుడ్డులో, కొంచెం పైవైపు, ఒక తెల్లచుక్క కనిపిస్తుంది. ఆ రోజు స్టూడియోలో వెలిగిన దీపం అది. మహా అయితే నాలుగైదు పిక్సెళ్లు ఉంటుంది. చుట్టూ నలభైకి పైగా నల్ల పిక్సెళ్లు. లెక్కింపులో ఆ చుక్క ఓడిపోతుంది, నలుపు దాన్ని కప్పేస్తుంది. చుక్క పోయిందంటే చూపు పోయినట్టే. కన్ను అక్కడే ఉంటుంది, మనిషి మాత్రం మనవైపు చూడడు. మీరు ముద్ద అంటున్నది చాలావరకు ఇదే. కనుబొమ మధ్యలో తెగిన వెంట్రుకలు, పై పెదవి అంచు, పుట్టుమచ్చ, ముక్కుపుడక, అన్నీ ఇలా తక్కువ ఓట్ల వాళ్లే. పోలిక ఉండేది వాటిలోనే. కోటుకీ తెరకీ ఈ బాధ లేదు, అక్కడ అంతా ఒకే రంగు, ఓడిపోయేవాళ్లు లేరు.

నా మొదటి ఏళ్లలో జరిగిన సంగతి ఒకటి ఇప్పటికీ మనసులో ఉంది. మహేంద్రతనయ నది అవతల ఊరి నుంచి ఒకావిడ భర్త ఫొటో తెచ్చారు. రేడియస్ 7 పెట్టి మొత్తానికి ఒకేసారి వేశాను. దూరం నుంచి చూస్తే చాలా అందంగా వచ్చింది. ఆవిడ ఫ్రేము ఒళ్లో పెట్టుకుని, వేలితో ఎడమ కనుబొమ మీద రాస్తూ, "బాబూ, ఇక్కడ గాటు ఉండాలి కదా. చిన్నప్పుడు ఎద్దు పొడిచింది. అదేది?" అన్నారు. ఫిల్టర్ దాన్ని తినేసిందని నేను గమనించనే లేదు. డబ్బులు తీసుకోకుండా మళ్లీ చేసి ఇచ్చాను. అప్పటి నుంచి ఎవరు ఫొటో తెచ్చినా ముందు అడుగుతాను: "ముఖంలో ఏది పోకూడదు?" ఇంట్లోవాళ్లు ఒక్క క్షణం కూడా ఆలోచించరు, వెంటనే చెప్పేస్తారు. మీరు కూడా అమ్మగారిని అడిగి, ఆ జవాబు కాగితం మీద రాసి పక్కన పెట్టుకుని కూర్చోండి.

ఇక పని వరుస.

స్కాన్. పాస్‌పోర్టు ఫొటో 3.5 సెంటీమీటర్ల వెడల్పు, 4.5 ఎత్తు అనుకుందాం. 600 డీపీఐలో, అంటే అంగుళానికి 600 చుక్కల లెక్కన, స్కాన్ చేస్తే దాదాపు 827 × 1063 పిక్సెళ్లు వస్తాయి. 1200లో చేస్తే 1654 × 2126. ఎనిమిది బై పది అంగుళాల ప్రింటుకి అంగుళానికి 200 చుక్కల లెక్కన 1600 × 2000 కావాలి. అంటే 1200 స్కాన్ సరిగ్గా సరిపోతుంది. పాత కాగితంలో లేని వివరం 1200 పెట్టినా పుట్టదు గానీ, పెయింటింగ్ పనికి పిక్సెళ్లు చేతినిండా ఉండటం సౌకర్యం. పన్నెండు బై పద్దెనిమిది వరకు లాగకండి. ఇంత చిన్న ఫొటోకి ఎనిమిది బై పదే అందం. వెడల్పాటి మౌంటు వేసి ఫ్రేము కట్టిస్తే గోడ మీద నిండుగానే ఉంటుంది.

నలుపు తెలుపు ఫొటో అయినా కలర్‌లోనే స్కాన్ చేయించండి. దానికి కారణం ఉంది. పాత ఫొటోల మీద పసుపు మరకలు ఉంటాయి. కలర్ స్కాన్‌లో ఎరుపు, ఆకుపచ్చ, నీలం మూడు ఛానెళ్లుగా విడివిడిగా ఉంటాయి. పసుపు మరక నీలం ఛానెల్‌లో నల్లగా కనిపిస్తుంది, ఎరుపు ఛానెల్‌లో దాదాపు కనిపించదు. కలర్స్ మెనూలో కాంపోనెంట్స్, అందులో ఎక్స్‌ట్రాక్ట్ కాంపోనెంట్ తెరిచి ఎరుపు ఎంచుకుంటే మరకల్లో చాలావరకు అక్కడికక్కడే మాయమవుతాయి. మచ్చలు పోగొట్టే హీల్ టూల్‌తో గంటసేపు తుడిచే పని తప్పుతుంది.

ఫొటో ఫ్రేము అద్దానికి అతుక్కుపోయి ఉంటే మాత్రం దయచేసి లాగకండి. మన వైపు వానాకాలం చెమ్మకి ఇది మామూలే. లాగితే ముఖం అద్దం మీదే ఉండిపోతుంది. అద్దంతో సహా స్కానర్ మీద పెట్టించండి. వాట్సాప్‌లోనే పంపించుకోవాల్సి వస్తే స్కాన్ ఫైల్‌ని డాక్యుమెంట్‌గా పంపమనండి. ఫొటోగా పంపితే సైజు తగ్గిపోతుంది. నొక్కిపెట్టిన జేపెగ్‌లో ఎనిమిది బై ఎనిమిది పిక్సెళ్ల గళ్లు కూడా తేలతాయి. ఆయిలిఫై ఆ గళ్లనే చర్మం అనుకుని రంగు పూస్తుంది.

సైజు ముందు, ఫిల్టర్ తరువాత. రేడియస్ లెక్క పిక్సెళ్లలో ఉంటుంది కాబట్టి, చిన్న ఫొటో మీద నచ్చిన నంబరు పెద్ద ఫొటో మీద పనిచేయదు. ప్రింటు సైజు ఖాయం చేసుకుని, స్కేల్ చేసి, అప్పుడే ఫిల్టర్ల జోలికి వెళ్లండి. నా లెక్క కంటితో మొదలవుతుంది. మెజర్ టూల్‌తో ఒక కన్ను ఈ మూల నుంచి ఆ మూల వరకు ఎన్ని పిక్సెళ్లు ఉందో కొలుస్తాను. 100 వస్తే ముఖానికి 3, బట్టలకి 6, తెరకి 10. కన్ను 200 వస్తే అన్నీ రెండింతలు. ఇది శాస్త్రం కాదు, నా చేతికి అలవాటైన కొలత. అక్కడ మొదలుపెట్టి మీ కంటికి తగ్గట్టు జరుపుకోండి.

మిగతా రెండు నంబర్లూ ఉన్నాయి. ఎక్స్‌పోనెంట్ తెరవగానే 8 ఉంటుంది. అది ఎక్కువగా ఉంటే గెలిచిన గుంపుకే రంగంతా దక్కుతుంది, తగ్గిస్తే ఓడినవాళ్లకి కూడా కొంత వాటా వస్తుంది. ముఖానికి నేను 3 లేదా 4 పెడతాను, చెంప మీద నీడ మెత్తగా దిగుతుంది. ఇంటెన్సిటీస్ అంటే గుంపుల సంఖ్య. తగ్గించేకొద్దీ రంగు పలకలు పలకలుగా వస్తుంది. తెరకి అది బాగుంటుంది, చర్మానికి బాగుండదు.

ఇప్పుడు లేయర్లు. స్కాన్ శుభ్రం చేసుకున్నాక నాలుగు కాపీలు తీయండి, కంట్రోల్ షిఫ్ట్ డీ నొక్కితే చాలు. అట్టడుగున అసలుది ముట్టుకోకుండా ఉంచండి. కన్ను 100 పిక్సెళ్లు వచ్చిందనుకుంటే, దాని పైన తెర కాపీ, రేడియస్ 10. దాని పైన బట్టల కాపీ, 6. దాని పైన ముఖం కాపీ, 3. అన్నిటికన్నా పైన కళ్ల కాపీ, ఏ ఫిల్టరూ లేకుండా. బట్టలు, ముఖం, కళ్లు, ఈ మూడు లేయర్లకీ నల్ల మాస్కు తగిలించండి. నల్ల మాస్కు అంటే లేయర్ మొత్తం దాగిపోతుంది. తరువాత మెత్తటి అంచు బ్రష్షు తీసుకుని, మాస్కు మీద తెలుపుతో ఎక్కడ రుద్దితే అక్కడ ఆ లేయర్ బయటపడుతుంది. ఎక్కువ రుద్దేశారా, ఎక్స్ నొక్కి నలుపుకి మారి మళ్లీ కప్పేయండి. ఏదీ చెరగదు కాబట్టి టెన్షన్ పడక్కర్లేదు.

కళ్ల లేయర్‌లో బయటపెట్టాల్సినవి చాలా తక్కువ: కనుగుడ్డు, పై రెప్ప అంచు, ఇంకా మీరు కాగితం మీద రాసుకున్నవి. ఒపాసిటీ, అంటే లేయర్ ఎంత గట్టిగా కనిపించాలన్నది, 80 దగ్గర ఉంచుతాను. నూటికి నూరు ఉంచితే కళ్లు ఎక్కడి నుంచో తెచ్చి అతికించినట్టు ఉంటాయి. ఆడవాళ్ల ఫొటో అయితే బొట్టు, ముక్కుపుడకలు కూడా ఇక్కడికే. మన వైపు పెద్దవాళ్లు ముక్కుకి రెండు పక్కలా పెట్టుకుంటారు కదా, ఒకటి వెలుగులో, ఒకటి నీడలో ఉంటుంది. నీడలోది ఫిల్టర్‌కి ముందు పోతుంది. వెతికి మరీ తెచ్చుకోవాలి.

ఈ పద్ధతి నేను కనిపెట్టింది కాదు. మా మేనమామ బ్రోమైడ్ ఎన్‌లార్జ్‌మెంట్ల మీద, అంటే పెద్దవి చేసి కడిగిన పాతకాలపు ఫొటోల మీద, చేత్తో రంగులు వేసేవాడు. తెరకి వెడల్పు బ్రష్షు, కోటుకి దానికన్నా చిన్నది, ముఖానికి సున్నా నంబరు. కంటి చుక్క మీద రంగే వేసేవాడు కాదు, కాగితం తెలుపునే అక్కడ వదిలేసేవాడు. ఆయన పక్కన స్టూలు మీద కూర్చుని చూసింది ఇన్నేళ్ల తరువాత మాస్కుల రూపంలో నాకు పనికొచ్చింది.

మీది 2.10 కాబట్టి ఓకే నొక్కగానే ఫిల్టర్ లేయర్‌లో కలిసిపోతుంది, తరువాత నంబరు మార్చలేరు. అందుకే ఇన్ని కాపీలు. 2025లో వచ్చిన జింప్ 3.0లో ఫిల్టర్ లేయర్ పక్కన విడిగా నిలుస్తుంది, మర్నాడు తెరిచి 6ని 5 చేసుకోవచ్చు. మీ కంప్యూటర్ మోస్తే దానికి మారండి. ఏ వెర్షన్ అయినా పని ఫైల్‌ని లేయర్లతో సహా ఉండే జింప్ సొంత ఫైల్ రకం ఎక్స్‌సీఎఫ్‌గా దాచుకోవడం మరిచిపోవద్దు. ప్రింటుకిచ్చే జేపెగ్ వేరు.

వేరే ఫిల్టర్ల సంగతి. కార్టూన్ ఫిల్టర్ చుట్టుపక్కల కన్నా ముదురుగా ఉన్నచోటల్లా నలుపు పెంచుతుంది. మా పర్లాకిమిడి గజపతి కోట లాంటి కట్టడాలకి అది చక్కగా కుదురుతుంది. తోరణాల అంచులు కలంతో గీసినట్టు లేస్తాయి. ఆయిలిఫై అదే కట్టడం మూలల్ని గుండ్రం చేసేస్తుంది. కానీ కార్టూన్‌ని పెద్దవాళ్ల ముఖం మీద వేయకండి, ప్రతి ముడతా నల్లగీత అయి మనిషికి పదేళ్లు వయసు పెరుగుతుంది. సాఫ్ట్‌గ్లో పెళ్లి ఫొటోలకి తప్ప మీ పనికి పనికిరాదు. క్యూబిజం ఆడుకోవడానికే. ఆయిలిఫై అసలు సత్తా చూడాలంటే వాన వెలిసిన పొద్దున మహేంద్రగిరి కొండ వైపు తీసిన ఫొటో మీద 8 పెట్టి చూడండి. లక్ష ఆకుల గందరగోళం పచ్చటి పూతలుగా సర్దుకుంటుంది. అక్కడ ఏ ఆకునీ ఎవరూ పేరుపెట్టి అడగరు.

ఫొటో కింద పేరు, తేదీలు వేస్తారు కదా, అక్షరాలు అన్నీ అయ్యాక చివర వేయండి. ఒకసారి తెలుగులోనూ ఒడియాలోనూ పేరున్న ఫొటోకి తొందరలో ఫిల్టర్ వేసేశాను. తెలుగు అక్షరాల తలకట్లు ఊడిపోయాయి, ఒడియా అక్షరాల పైనుండే గొడుగుల్లో రంగు నిండిపోయింది. రెండు భాషల్లో ఏదీ చదవడానికి లేకుండా పోయింది.

మీలాంటి వాళ్లు తరచూ అడిగేవి ఇంకో రెండు. ఫోన్ యాప్‌లో ఒక్క నొక్కుతో పెయింటింగ్ అయిపోతుంది కదా, ఇంత కష్టం దేనికి అంటారు. 2016లో ప్రిస్మా యాప్ వచ్చినప్పటి నుంచి ఈ మాట వింటున్నాను. ఆయిలిఫై మీ ఫొటోలో ఉన్న రంగుల్నే తీసి సర్దుతుంది. ఏఐ యాప్‌లు అలా కాదు, తాము నేర్చుకున్న వేలాది బొమ్మల్ని బట్టి ముఖాన్ని కొత్తగా గీస్తాయి. ముక్కు కొంచెం సన్నబడుతుంది, చెంప నున్నబడుతుంది, ఒక్కోసారి కళ్లజోడు ఆకారమే మారుతుంది. పిల్లల పుట్టినరోజు ఫొటోకి సరదాగా వాడుకోండి. చనిపోయినవాళ్ల ఒకే ఒక్క ఫొటో మీద నేను వాడను, అడిగినవాళ్లకి వద్దనే చెప్తాను. కొన్నేళ్లు పోయాక పిల్లలకి ఆ గీసిన ముఖమే తాతగారి ముఖమైపోతుంది.

రెండోది, గుమ్మా వైపు నుంచి ఒక మాస్టారు అడిగారు, ఊరి ఫొటోని సవర గిరిజనుల గోడబొమ్మలా మార్చే ఫిల్టర్ ఉందా అని. లేదండి. ఎర్రమట్టి గోడ మీద బియ్యప్పిండి తెలుపుతో వేసే ఆ ఇడితాల్ బొమ్మలో మనుషులూ ఏనుగులూ చెట్లూ పెట్టే చోటు వెలుగునీడల వల్ల వచ్చేది కాదు. అది దేవతల కోసం, పూర్వీకుల కోసం వేసే బొమ్మ. ఎవరు ఎక్కడ ఉండాలో వేసే మనిషికి తెలుసు. ఫిల్టర్‌కి తెలిసింది పక్క పిక్సెల్ ఒక్కటే. ఫొటోని ఎరుపు తెలుపు చేయగలదు, అంతే. అలాంటిది కావాలంటే ఆ బొమ్మ వేసే చేతికే పని ఇవ్వాలి. మాస్టారు అలాగే చేశారు, బడి గోడ మీద వేయించారు.

మళ్లీ మీ పనికొద్దాం. పెయింటింగ్ రూపం రావాలంటే నలుపు తెలుపులో వదిలేయకుండా లేత గోధుమ వన్నె ఇవ్వండి. కలర్స్‌లో డీసాచురేట్, అందులో సెపియా ఉంది, సగం బలంతో చాలు. ఇమేజ్ మోడ్ ఆర్‌జీబీలో, అంటే రంగుల మోడ్‌లో, ఉండాలి, లేకపోతే వన్నె ఎక్కదు. చర్మానికి రంగులు వేయాలనిపిస్తుంది గానీ, ఆయన ఛాయ సరిగ్గా గుర్తున్నవాళ్లు పక్కన కూర్చుని చెప్తేనే ఆ పనికి దిగండి. చివర్లో అప్లై కాన్వాస్ అనే ఫిల్టర్ డెప్త్ 2 లేదా 3 పెట్టి వేస్తే గుడ్డ నేత కనిపిస్తుంది. నిజమైన కాన్వాస్ మీద ప్రింటు తీయిస్తుంటే ఇది వేయకండి, నేత మీద నేత పడి ముఖం గరుకుగా తేలుతుంది.

స్క్రీన్ వెనక నుంచి వెలుగు వస్తుంది, కాగితానికి రాదు. అందుకే ప్రింటు ఎప్పుడూ ఒక మెట్టు ముదురుగా వస్తుంది. మీ నాన్నగారిది నల్లకోటు అంటున్నారు కాబట్టి కాలర్ అంచు తెరలో కలిసిపోయే ప్రమాదం ఉంది. వెలుగునీడలు సర్దే కర్వ్స్‌లో గీత మధ్యభాగం కొద్దిగా పైకెత్తండి. మెరిసే పేపరు వద్దు, మ్యాట్ అడగండి. మెరుపు పడితే పెయింటింగ్ భ్రమ చెదిరిపోతుంది.

పెద్ద ప్రింటుకి ఇచ్చే ముందు ముఖం వరకు కత్తిరించి ఒక నాలుగు బై ఆరు ప్రింటు తీయించండి. పది పదిహేను రూపాయల ఖర్చు. కత్తిరించిన ముక్కని చిన్నది చేయకుండా అదే కొలతలో తీయమనండి, లేకపోతే రేడియస్ ఎలా వచ్చిందో తెలియదు. ఇంటికి తీసుకెళ్లి, ఏమీ చెప్పకుండా అమ్మగారి చేతికివ్వండి. ఆవిడ కళ్లు ముందు ఎక్కడ ఆగుతాయో చూడండి. ఏదైనా లోటుందంటే అక్కడే వేలు పెడతారు. ఆ చోట మాస్కు మీద ఇంకొంచెం తెలుపు రుద్ది, అప్పుడు ఎనిమిది బై పదికి ఇవ్వండి. స్కాన్ చేయించాక కళ్ల భాగం వరకు ఇక్కడ పెడితే, ఏ రేడియస్‌తో మొదలుపెట్టాలో చూసి చెప్తాను.